ప్లేట్‌లెట్లు లెక్కపెడుతూ గోడను మరిచిపోయాం

పోయిన కార్తీకంలో మా పెద్దమ్మకు జ్వరం వచ్చింది. పర్లాకిమిడి దాటాక కొండ వారన ఊరు వాళ్ళది. దీపావళికి ముందు జీడితోటలో తుప్పలు కొట్టించారు, కూలీలతో పాటు తనూ రోజంతా అక్కడే ఉంది. ఆ తర్వాత పది పన్నెండు రోజులకు ఒళ్ళు వెచ్చబడింది. మూడో రోజు ఆశా కార్యకర్త వచ్చి వేలు పొడిచి మలేరియా కిట్‌తో చూసింది. నెగెటివ్. పారాసిటమాల్ ఇచ్చింది. ఐదో రోజు ఊళ్ళో సూదులేసే ఆయన టైఫాయిడ్ అన్నాడు, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ సూది మొదలెట్టాడు. ఏడో రోజుకు మంచం దిగలేకపోతే టౌన్‌లో ఒక ఆసుపత్రికి తెచ్చారు. అక్కణ్ణుంచి మా కుటుంబమంతా ఒక్క అంకె చుట్టూ తిరిగింది.

92 వేలు. మర్నాడు 71. ఆ మర్నాడు 58.

నేను పదమూడేళ్ళుగా రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. ప్లేట్‌లెట్లు లెక్కపెట్టే యంత్రం రోజూ నా చేతికిందే ఉంటుంది. అలాంటిది నేను కూడా ఆ మూడు రోజులూ ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. మా బావ ఎక్కణ్ణుంచో బొప్పాయి ఆకులు తెచ్చి రసం తీశాడు. ఇద్దరు తమ్ముళ్ళు బరంపురం వెళ్ళి ప్లేట్‌లెట్ల సంచి తెస్తామని బండి తాళాలు పట్టుకుని నిలబడ్డారు. ఫ్యామిలీ గ్రూపులో ఎవరు ఏం పెట్టినా కింద "కౌంట్ ఎంత?" అనే ప్రశ్నే.

మూడో రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, ఒడియా అమ్మాయి, తడిగుడ్డతో పెద్దమ్మ ఒళ్ళు తుడుస్తోంది. కుచ్చిళ్ళు దోపే చోట చీర కాస్త వదులు చేసి ఆగిపోయింది. "మౌసీ, ఎయిటా కొణొ?" (ఇదేమిటి?) అంది. నడుం మడతలో పాత పావలా బిళ్ళకన్నా చిన్నగా, నల్లగా పక్కు కట్టిన మచ్చ. చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు. "సుట్ట నిప్పు రాలినాదమ్మా, అదేటీ కాదు" అని పెద్దమ్మ చీర పైకి లాక్కుంది. నలభై ఏళ్ళుగా చుట్ట తాగే మనిషి, ఒంటిమీద నల్లమచ్చ కనబడితే అలాగే అనుకుంటుంది. ఆ అమ్మాయి ఊరుకోలేదు, డాక్టరుకు ఫోన్ చేసింది. అర్ధరాత్రి డాక్సీసైక్లిన్ అనే వేరే యాంటీబయాటిక్ పడింది. రెండో రోజు సాయంత్రానికి జ్వరం విడిచింది. కానీ అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంది.

స్క్రబ్ టైఫస్. మా ల్యాబులో దాని ఐజీఎమ్ పరీక్ష, అంటే ఆ జబ్బుకు ఒంట్లో పుట్టే యాంటీబాడీని వెతికే రక్తపరీక్ష, నేనే చేస్తాను. ఎవరైనా రాసిస్తే చేస్తాను. ఎవరూ రాయలేదు, నాకూ తట్టలేదు. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టనివ్వని ఆలోచన ఒకటుంది, అది రాద్దామనే ఈ పోస్టు. జ్వరం వస్తే మనం రక్తంలో తేలేవాటిని లెక్కపెడతాం. ఆ రక్తాన్ని పట్టి ఉంచే గోడ సంగతి అడగం. మా సరిహద్దు ఊళ్ళలో మనుషుల్ని దెబ్బతీస్తున్న జ్వరాల్లో ఒకటి సరిగ్గా ఆ గోడలోనే కాపురం పెడుతోంది.

నరం అన్న మాట

మనకు రక్తనాళం అనేది పాఠ్యపుస్తకంలో మాట. ఇంట్లో, ఆసుపత్రిలో అందరం నరం అనే అంటాం. "నరం దొరకట్లేదు", "నరానికి ఎక్కించారు". ఆ మాట వినగానే మనసులో మెదిలేది ఒక తాడు, ఒక గొట్టం. పైపు ఉంటుంది, లోపల రక్తం పారుతుంది, అంతే. నేనూ డిప్లొమా చదివేటప్పుడు అలాగే బట్టీ పట్టాను.

నిజానికి ఆ గొట్టం లోపలి వైపంతా ఒకే ఒక్క వరస కణాలు పరుచుకుని ఉంటాయి. సన్నటి కేశనాళికల్లో అయితే గోడంటే దాదాపు ఆ వరసే. ఎండోథీలియం అంటారు. ఈ కణాలు పక్కపక్కన చేతులు కలిపి నిలబడినట్టు ఉంటాయి. ఎప్పుడు చెయ్యి బిగించాలో, ఎప్పుడు వదలాలో, ఏ తెల్లకణాన్ని బయటికి పంపాలో, ఎక్కడ గడ్డ కట్టించాలో, ఎక్కడ కొత్త కొమ్మ వెయ్యాలో అన్నీ అవే చూసుకుంటాయి. ఊరికే పడుండే పైపు కాదు అది.

ఒరియెన్షియా సుట్సుగముషి అనే బాక్టీరియా తిష్ట వేసేది ఈ కణాల్లోనే. తెల్లకణాల్లో కొన్ని రకాల్లోకి కూడా వెళుతుంది. దాని పేరులో ఉన్న జపాను మాటకు జబ్బు తెచ్చే పురుగు అని అర్థం. తుప్పల్లో, గట్ల మీద గడ్డిలో ఉండే నల్లి లాంటి జీవి పిల్ల, ఆరు కాళ్ళది, మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. ఒంటిమీద మెత్తటి చోటు వెతుక్కుని కుడుతుంది. అది రక్తం కూడా పీల్చదు, చర్మం కరిగించి ఆ రసం తాగుతుంది. ఆ నోటితో బాక్టీరియా లోపలికి పోతుంది. కుట్టిన చోట నల్లమచ్చ.

లోపలికి వెళ్ళాక అది చేసేది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి రెండు నిమిషాలు నిలబడిపోయాను. కణం దాన్ని తానే మింగుతుంది. అది ఆ సంచిని చీల్చుకుని బయటపడి, కణం లోపల సరుకు మొయ్యడానికి ఉన్న పట్టాలనే పట్టుకుని కేంద్రకం దగ్గరికి చేరుతుంది. అక్కడ నింపాదిగా రెండవుతుంది, నాలుగవుతుంది. వెళ్ళేటప్పుడు ఆ కణం పొరనే ఒంటికి చుట్టుకుని బయటికి పోతుంది. వైరస్‌లు కొన్ని అలా వెళతాయి. బాక్టీరియాలో ఇలాంటి పద్ధతి అరుదు. పెద్దమ్మకు ఐదో రోజున ఇచ్చిన సెఫ్ట్రియాక్సోన్ ఈ బాక్టీరియా మీద పనిచెయ్యదు. కణం లోపలికి దూరి పనిచేసే మందు కావాలి. డాక్సీసైక్లిన్ దూరుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్న అమెరికా లెడర్లీ ప్రయోగశాలలో, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ దాన్ని తీశారు. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడాది సుబ్బారావు గారు పోయారు. భీమవరంలో పుట్టిన మనిషి నడిపిన చోట పుట్టిన మందుల వంశం అది. ఆ మందు కొద్ది రూపాయలకు దొరికే రోజుల్లో, తెలుగు మాట్లాడే ఊళ్ళో ఒక ముసలావిడకు అది అందడానికి ఎన్ని రోజులు పట్టిందో తలచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది.

గట్టుకు పడ్డ బొక్క

ఆసుపత్రిలో పెద్దమ్మకు బీపీ పడిపోతోందని సెలైన్ పెట్టారు. ఒకటి, రెండు, మూడు. మొహం ఉబ్బింది. కాళ్ళు ఉబ్బాయి. బీపీ మాత్రం సరిగా నిలబడలేదు. ఆయాసం మొదలైంది. పెదనాన్న మంచం పక్కన నేలమీద కూర్చుని సీసా వైపే చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు. "గట్టుకి ఎండ్రకాయ బొక్కెట్టీసినాక ఇంజను ఎంతసేపు కొడితే ఏటి లాభం రా?"

ఆయనకు ఎండోథీలియం గురించి ఎవరూ చెప్పలేదు. వరిమడి తెలుసు. మడిలో నీరు నిలవకపోతే ముందు నీళ్ళు కొలవం, గట్టు చుట్టూ తిరిగి తడి ఎక్కడుందో చూస్తాం. ఒంట్లో జరిగింది కూడా అదే. బాక్టీరియా చేరిన కణాలు, వాటి మీదికి వచ్చిన మన తెల్లకణాలు, వాటి మధ్య గొడవకు గోడ కణాల చేతులు సడలిపోయాయి. లోపలి నీరు ఊపిరితిత్తుల్లోకి, చర్మం కిందకి కారిపోయింది. ప్లేట్‌లెట్లు చిల్లు పడ్డ చోటల్లా అతుక్కుని ఖర్చయిపోయాయి. మేం చూస్తున్న ఆ 58 వేలు గోడ దగ్గర జరిగే యుద్ధానికి అయిన ఖర్చు. ఖర్చు పుస్తకం చూసి యుద్ధం ఎక్కడో తెలుసుకోలేకపోయాం.

ఇది స్క్రబ్ టైఫస్‌కే పరిమితం కాదు. ఏ బాక్టీరియా వల్లయినా సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్ళు అదుపు తప్పి ఎదురుతిరిగి తన అవయవాలనే దెబ్బతీసుకోవడం) ముదిరితే గోడ కణాలే కుదేలవుతాయి. ఆ కణాల లోపల చిన్న చిన్న మూటల్లో కొన్ని పదార్థాలు కట్టిపెట్టి ఉంటాయి. వాటిని 1964లో వైబెల్, పలాడే అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు, అవి వాళ్ళ పేర్లతోనే ఉన్నాయి. ఆ మూటల్లో ఆంజియోపోయిటిన్-2 అనేది ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ సెగ తగలగానే మూట విడిపోతుంది, ఆ పదార్థం బయటికి వచ్చి పక్క కణాల చేతులు కూడా సడలిస్తుంది. అంటే గోడ తనంతట తానే తలుపులు తెరుస్తుంది. మామూలు రోజుల్లో అది ఒంటికి మేలు చేసే పనే. గాయమైన చోటికి తెల్లకణాలు వెళ్ళాలంటే తలుపు తియ్యాలి కదా. ఒళ్ళంతా ఒకేసారి తీస్తేనే చావుకొస్తుంది.

వదులైతేనే కొమ్మ వేస్తుంది

ఇంకాస్త చదువుతూ పోతే నా బుర్రలో ఉన్న బొమ్మ తలకిందులైంది. 1983లో హెరాల్డ్ డ్వోరక్ బృందం కణితుల నుంచి ఒక పదార్థాన్ని పట్టుకుంది. రక్తనాళాలు కారేలా చేస్తుందని దానికి ఆ అర్థం వచ్చే పేరే పెట్టారు. 1989లో నెపోలియోన్ ఫెరారా తదితరులు రక్తనాళాలు పెరిగేలా చేసే పదార్థాన్ని విడదీసి వీఈజీఎఫ్ అన్నారు. చివరికి తేలిందేమిటంటే, రెండూ ఒకటే.

కార్చేదీ పెంచేదీ ఒకటే అంటే మొదట వింతగా అనిపించింది. పెదనాన్న మడి గుర్తొచ్చాక వింత పోయింది. కొత్త కాలువ తియ్యాలంటే పాత గట్టును ఎక్కడో ఒకచోట తెగ్గొట్టాల్సిందే. కొత్త రక్తనాళం పుట్టాలన్నా అంతే. గోడ కణాలు ముందు చేతులు వదలాలి, అడుగున ఉన్న పొరను కరిగించుకోవాలి, అప్పుడే ఒక కణం ముందుకు తోసుకుని కొమ్మ వేస్తుంది.

ఈ కీలకం బాక్టీరియాకు కూడా దొరికింది. బార్టొనెల్లా అనే జాతి ఉంది. దక్షిణ అమెరికాలో పెరూ కొండల్లో ఇసుక ఈగలు దాన్ని మోస్తాయి. మొదట భయంకరమైన జ్వరం, రక్తహీనత. బతికిన వాళ్ళకు కొన్నాళ్ళకు చర్మం మీద ఎర్రటి గడ్డలు లేస్తాయి, గోరు తగిలితే రక్తం కారుతుంది. ఆ గడ్డలంటే కొత్తగా గుబురుగా పెరిగిన రక్తనాళాలే. ఆ జ్వరమూ ఈ గడ్డలూ ఒకే జబ్బు అని నమ్మిన లిమా వైద్య విద్యార్థి డేనియల్ కార్రియోన్ 1885 ఆగస్టులో ఒక రోగి గడ్డలోంచి తీసిన రసాన్ని తన చేతికే ఎక్కించుకున్నాడు. మూడు వారాలకు జ్వరం వచ్చింది. తనకేమవుతోందో చెయ్యి ఆడినన్ని రోజులూ తనే రాసుకున్నాడు. అక్టోబరు 5న చనిపోయాడు. అతను అనుకున్నది నిజమైంది.

పిల్లి గీరితే వచ్చే జ్వరానికి కారణమైన బార్టొనెల్లా రకం కూడా, రోగనిరోధకశక్తి బాగా తగ్గిన ఎయిడ్స్ రోగుల్లో ఇలాంటి రక్తనాళాల గడ్డలే లేపుతుంది. 2020లో జపాను పరిశోధకులు అసలు సంగతి పట్టుకున్నారు. ఆ బాక్టీరియా బాఫ్‌-ఏ అనే ప్రొటీన్‌ను వదులుతుంది. వీఈజీఎఫ్ కోసం గోడ కణం మీద ఉన్న తాళానికి అది మారుతాళం చెవిలా పడుతుంది. కణం తనకు పెరగమని ఆజ్ఞ వచ్చిందనుకుని పెరిగిపోతుంది. బాక్టీరియాకు ఉండటానికి ఇళ్ళు పెరుగుతాయి.

అయితే ఒరియెన్షియానూ బార్టొనెల్లానూ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది మా కొండవార ఊళ్ళలో గోడను సడలించి చంపుతుంది, గడ్డలు పెంచడం దాని లక్షణం కాదు. రెండోది పెంచుతుంది. నేను పట్టుకున్నది ఒక్కటే, రెండూ వాలేది ఆ గోడ మీదనే.

క్షయ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా ల్యాబుకు కఫం డబ్బాలు రాని రోజు లేదు. క్షయ బాక్టీరియా చేరిన చోట గడ్డ చుట్టూ కూడా వీఈజీఎఫ్ పెరిగి కొత్త నాళాలు పుడతాయి. వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. అలాంటి నాళాల గుండా మందు గడ్డ నడిబొడ్డుకు సరిగా చేరదు. ఆ నాళాలను అదుపులో పెడితే జబ్బు తగ్గుముఖం పడుతుందని జీబ్రా చేపల మీద చూశారు. మనుషుల్లో ఇంకా వాడుకలోకి రాలేదు.

ఇంత చదివాక బాక్టీరియా అంటేనే గోడకు శత్రువు అని రాసేద్దామనుకున్నాను. 2002లో వచ్చిన ఒక పరిశోధన ఆపింది. పుట్టినప్పట్నుంచి ఒక్క సూక్ష్మజీవీ తగలకుండా పెంచిన ఎలుకల పేగుల్లో కేశనాళికల అల్లిక సగంలో ఆగిపోయి ఉంది. మామూలు పేగు బాక్టీరియాను వాటిలోకి ఎక్కించగానే పది రోజుల్లో ఆ అల్లిక పూర్తయింది. మన కడుపులో రక్తనాళాలు సరిగా అల్లుకోవడానికి బాక్టీరియా చెయ్యి పడాలన్నమాట. కాబట్టి కనబడిన ప్రతి బాక్టీరియా మీదా మందు జల్లమనే వాదన నాది కాదు.

నాకు ఎదురైన ప్రశ్నలు

మా ల్యాబుకు శాంపిళ్ళు పంపే డాక్టరు ఒకాయనతో ఈ గొడవంతా వెళ్ళబోసుకున్నాను. ఆయన ఓపిగ్గా విని, "ప్లేట్‌లెట్లు దండగంటావా?" అన్నారు. కాదు. ప్లేట్‌లెట్లు గోడ కణాల మధ్య సందులను కాపాడతాయి కూడా, బాగా పడిపోతే గోడ ఇంకా బలహీనపడుతుంది. అంకె చూడాలి. దాంతో పాటు అదే కాగితం మీద, రెండు గీతలు పైన ఉండే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే అంకె) ఎందుకు చూడరు అన్నదే నా బాధ. నీరు గోడ దాటి బయటికి పోతుంటే లోపల రక్తం చిక్కబడుతుంది, ఆ అంకె పెరుగుతుంది. డెంగీలో కూడా ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా ఆ కారడమే. పదమూడేళ్ళలో హెమటోక్రిట్ ఎంత అని నన్ను అడిగిన రోగి బంధువు ఒక్కరూ లేరు. మనకెవరూ చెప్పలేదు మరి.

ఆయన రెండో ప్రశ్న గట్టిది. "జ్వరమొచ్చిన ప్రతివాడికీ డాక్సీ ఇస్తే రేపు అదీ పనిచెయ్యకుండా పోతే?" దీనికి నా దగ్గర తేలిక సమాధానం లేదు. మా ఊళ్ళలో సూదులేసే వాళ్ళ చేతిలో యాంటీబయాటిక్‌లు ఎలా మరమరాల్లా పంచబడుతున్నాయో చూస్తూనే ఉన్నాను. ఇంకో మందును ఆ గంపలో వెయ్యమనడానికి భయమే. కానీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. కారణం తెలియని జ్వరం ఐదు రోజులు దాటితే ఈ జబ్బును అనుమానించమన్నారు, నల్లమచ్చ కనబడితే ఐదు రోజులు కూడా ఆగొద్దన్నారు, పరీక్ష ఫలితం కోసం చూస్తూ మందు ఆపొద్దన్నారు. ఐజీఎమ్ మొదటి నాలుగైదు రోజుల్లో చాలామందిలో తేలదని నా చేతులతో చూశాను. కాగితం వచ్చేదాకా ఆగితే గోడ ఆగదు. పెద్దమ్మకు ఐదో రోజునే సూదిమందు పడింది, దారి తప్పిన సూదిమందు. యాంటీబయాటిక్ వాడకం పెంచమని నేననడం లేదు, వాడేదాన్ని సరైనదానికి మార్చమంటున్నాను. గర్భిణులకు వేరే మందు, పిల్లలకు వేరే మోతాదు, అవి డాక్టర్లు చూసుకోవాలి.

ముదిరాక ఇస్తే ఏమవుతుందో కూడా తెలుసు. 2023లో మన దేశంలోని 7 ఆసుపత్రుల్లో, తీవ్రంగా ఉన్న దాదాపు 800 మంది మీద ఒక ట్రయల్ ఫలితం వచ్చింది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఏదో ఒకటి ఇచ్చినదానికన్నా చిక్కులు త్వరగా తగ్గాయి. అయినా 28 రోజుల్లో చనిపోయిన వాళ్ళ లెక్కలో తేడా రాలేదు. మంచి ఆసుపత్రిలో, మంచి మందు పడినా సరే, ఆలస్యమైతే దెబ్బతిన్న గోడను పూర్తిగా వెనక్కి తేలేకపోతున్నారని నాకు అర్థమైంది.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. నల్లమచ్చ అందరికీ కనబడదు. కొందరికి అసలు రాదు, కొందరిలో నల్లటి ఒంటి మీద తెలియదు. కాబట్టి మచ్చ లేదంటే జబ్బు లేదని కాదు.

మూడు భాషల ఊళ్ళో ఏ భాషలో

మా దగ్గర జ్వరమంటే మలేరియానే. మా పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర కొండలెక్కి భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారికి ఆ తిరుగుళ్ళలోనే మలేరియా పట్టుకుంది, క్వినైన్ వాడి వాడి చెవుడొచ్చింది. 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ కార్యక్రమం మొదలెట్టాక మలేరియా బాగా తగ్గింది, అది చిన్న విషయం కాదు. కానీ ఆశా చేతిలో ఉన్న కిట్ నెగెటివ్ అన్నాక తర్వాతి మెట్టు ఏమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు. 2023 సెప్టెంబరులో బర్గఢ్ జిల్లాలో స్క్రబ్ టైఫస్ మరణాలు వార్తల్లోకొచ్చినప్పుడు కూడా మావాళ్ళు అదెక్కడో పడమటి ఒడిశా గొడవ అనుకున్నారు. అదే తుప్పలు, అదే గడ్డి మనకూ ఉన్నాయి.

పోస్టర్లు ఉన్నాయి. ఒడియాలో ఉన్నాయి. బడిలో ఒడియా చదివిన మా పిల్లలు చదువుతారు, పెద్దమ్మ చదవలేదు. ఆమెకు తెలుగు కూడా చదవడం రాదు కానీ ఎవరైనా చదివితే అర్థమవుతుంది. కొండమీది సవర వాళ్ళకు రెండూ కాదు. మహేంద్రతనయ నదికి ఇవతల ఒక భాషలో కాగితం, పది కిలోమీటర్ల లోపు పాతపట్నం వైపు ఇంకో భాషలో కాగితం, పురుగుకు మాత్రం 1936లో గీసిన సరిహద్దు తెలియదు.

మొన్న మా ల్యాబు యజమానిని అడిగి గోడకు ఒక కాగితం అంటించాను. పైన తెలుగు, కింద ఒడియా, నాతో పనిచేసే సవర కుర్రాడు తన భాషలో చెప్పింది తెలుగు లిపిలో మూడో వరస. "ఐదు రోజులు దాటిన జ్వరమా? తుప్పల్లోకి, గడ్డిలోకి వెళ్ళారా? చంకలు, గజ్జలు, నడుం మడత, రొమ్ముల కింద, చెవుల వెనక నల్ల మచ్చ ఉందేమో ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోండి. ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి." యజమాని చదివి రొమ్ములు, గజ్జలు అనే మాటలు తీసెయ్యమన్నారు, ఆడవాళ్ళు కూర్చునే చోటని. ఆడవాళ్ళు కూర్చునే చోటు కాబట్టే ఉండాలన్నాను. రెండు రోజులు వాదించుకున్నాం. చివరికి ఉంచారు.

నిన్న ఒకావిడ మొగుడికి మూడోసారి కౌంట్ చేయించడానికి వచ్చింది. రసీదు రాసేలోపు కాగితాన్ని వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంది. తర్వాత బెంచీ మీద ఒరిగి ఉన్న అతని దగ్గరికెళ్ళి, ఏమీ అడక్కుండా, చొక్కా పైకెత్తి చంక చూడ్డం మొదలెట్టింది.